తప్పుకు తాఖీదు

తెలుగులో "తప్పు" అనే మాట చిత్రమైనది. చేసిన అపరాధమూ తప్పే, ఆ అపరాధానికి కట్టే సొమ్మూ తప్పే. వెనకటి రోజుల్లో పదిమంది పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని, "ఇతనికి ఇంత తప్పు వేశాం" అనేవారు. ఆ కట్టేవాడు ఎదురుగానే చేతులు కట్టుకుని నిలబడి వుండేవాడు. కాబట్టి తీర్పును ఎవరో మోసుకుపోయి అతనికి అందించవలసిన పని వుండేది కాదు.

ఈనాడు వీధిలో బండి నడిపేవాడికి పడే తప్పు అలాంటిది కాదు. చేసేది ఒక చోట, రాసేది ఇంకొక చోట, తెలిసేది మరొక చోట. దాని పేరు చలానా. నడిపించడం, పంపించడం అనే అర్థం వున్న హిందూస్థానీ మాటకు ఇది దగ్గరి చుట్టం. పరీక్ష ఫీజు కట్టడానికి చలానా పుచ్చుకుని బ్యాంకు ముందు వరుసలో నిలబడిన తరం మాది. అప్పట్లో మనం చలానా పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు చలానాయే మనల్ని వెతుక్కుంటూ వస్తున్నది. వస్తున్న మాట నిజమే గాని, చేరవలసినవాడికి చేరుతున్నదా అన్నదే ప్రశ్న.

రసీదు పుస్తకం పోయి ఫోను వచ్చె

చాలాకాలం వరకు పద్ధతి సులువుగానే వుండేది. కూడలిలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టి ఆపేవాడు. లైసెన్సు అడిగేవాడు. చంకలోని రసీదు పుస్తకం తీసి, మధ్యలో కార్బన్ కాగితం పెట్టి రాసి ఇచ్చేవాడు. ఏ తప్పు చేశామో, ఎంత కట్టాలో అక్కడికక్కడే తెలిసిపోయేది. ఐతే ఆ పద్ధతికి వున్న రోగం కూడా అందరికీ తెలిసిందే. రసీదు చిరగకముందే బేరం మొదలయ్యేది. "మా బావగారు ఫలానా" అనేవాడొకడు, జేబులో చెయ్యి పెట్టేవాడొకడు. పట్టుబడినవారిలో నోరున్నవాడు బయటపడేవాడు, నోరులేనివాడు కట్టేవాడు.

ఫోటో వచ్చి ఆ బేరాన్ని చాలావరకు తగ్గించింది. ఇది పోలీసుల పక్షాన తప్పక చెప్పుకోవలసిన మాట. కెమెరాకు బావగార్లు లేరు. హైదరాబాదులో మొదట్లో ఆ ఫోటోనూ తాఖీదునూ కవరులో పెట్టి ఇంటికి పోస్టులో పంపేవారు. కొడుకు ఇద్దరు స్నేహితుల్ని వెనక ఎక్కించుకుని షికారు చేసిన ముచ్చట, కవరు రూపంలో నేరుగా తండ్రిగారి చేతికే వచ్చేది. జరిమానా కన్నా ఆ సాయంత్రం ఇంట్లో జరిగే విచారణే కుర్రవాడికి ఎక్కువ గుణపాఠం!

తరువాత కవరు స్థానంలో ఫోను సందేశం వచ్చింది. ఇప్పటి పని జరిగే తీరు ఇది. స్తంభం మీది కెమెరాగాని, కూడలిలో నిలబడిన పోలీసుగాని బండి ఫోటో తీస్తారు. ఆ నెంబరును రిజిస్ట్రేషన్ లెక్కలతో సరిచూస్తారు. ఆ లెక్కలో ఎవరి పేరు, ఏ ఫోను నెంబరు వుంటే ఆ నెంబరుకు సందేశం పోతుంది. అందులోని లంకె నొక్కితే ఫోటో, తేదీ, సమయం, చోటు, కట్టవలసిన మొత్తం కనిపిస్తాయి.

మనిషికి కాదు, బండికి

తిరకాసంతా ఇక్కడే వుంది. కెమెరా చూసేది నెంబరు పలకను, మనిషిని కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 133వ సెక్షను ప్రకారం, బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగితే చెప్పవలసిన బాధ్యత యజమానిది. కాబట్టి తాఖీదు యజమాని పేరిట పోవడంలో చట్టం దృష్టిలో తప్పు లేదు. కాని మన వీధుల్లో తిరిగే బండ్ల సంగతి చూడండి. ఆటో ఒకరిది, అద్దెకు తోలేది ఇంకొకరు. స్కూటరు అన్న పేరిట వుంటుంది, నడిపేది తమ్ముడు. అమ్మేసిన మోటారు సైకిలు పాత యజమాని పేరు మీదే ఏళ్ళ తరబడి తిరుగుతూ వుంటుంది. అదే చట్టంలోని 50వ సెక్షను, రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లోనూ, కొన్నవాడు 30 రోజుల్లోనూ రవాణా అధికారులకు తెలపాలని చెబుతున్నది. కాగితాల మీద సంతకాలు పెట్టి చేతికిచ్చేస్తే పని ఐపోయిందనుకునేవారు మనలో ఎక్కువ. కొన్నవాడు ఎర్రదీపం దాటితే, ఆ సందేశం అమ్మినవాడి ఫోనులో మోగుతుంది.

మా కాలేజీలో పనిచేసే అటెండరు కథ చెబుతాను. పొద్దున్నే కూతుర్ని మోపెడ్ మీద బడిలో దింపి పనికి వస్తాడు. బడి నాలుగు వీధుల అవతలే గదా అని హెల్మెట్ పెట్టుకునేవాడు కాదు. ఒకనాడు తనిఖీలో ఆపి, అతని బండి మీద పదకొండు చలానాలున్నాయన్నారు. పదకొండూ ఒకే కూడలిలో, ఇంచుమించు ఒకే వేళకు తీసిన ఫోటోలు. తెలంగాణలో హెల్మెట్ లేనందుకు ఏళ్ళ తరబడి వసూలు చేసిన మొత్తం 100 రూపాయలు, దానిపైన చార్జీలు 35, వెరసి 135. పదకొండుకు 1,485 రూపాయలు. బండి కొన్నప్పుడు ఇచ్చిన ఫోను నెంబరు అతను ఎప్పుడో మార్చేశాడు. సందేశాలన్నీ ఎవరి ఫోనుకు పోయాయో దేవుడికే తెలియాలి.

డబ్బు కట్టేసి వచ్చి నాతో అన్నాడు: "తప్పు నాదే సార్, కాదనను. కాని మొదటి రోజే తెలిసివుంటే రెండో రోజు పెట్టుకునేవాణ్ణి గదండీ!"

ఇరవై ఏళ్ళుగా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నవాణ్ణి గనక ఆ మాట నా మనసుకు పట్టింది. తప్పును ఎర్రసిరాతో చుట్టి, పేపరు పిల్లవాడికి తిరిగి ఇవ్వకుండా బీరువాలో దాచిపెట్టి, ఏడాది చివర మార్కులు మాత్రం కోస్తే వాడు నేర్చుకునేదేమిటి? హెల్మెట్ లేకపోతే జరిమానా ఎందుకు? ఖజానా కోసం కాదు, తల కోసం. పదకొండు పొద్దులు ఆ తండ్రి తల ప్రమాదంలోనే వుంది. పదకొండు ఫోటోలూ దాన్ని చూశాయి. చెప్పవలసిన మాట మాత్రం అతని చెవిన పడలేదు.

గడువు అనేది వుండాలి

ఈ సంగతి చట్టం చేసినవారికి తెలియదని కాదు. 2019లో చట్టాన్ని సవరించి ఎలక్ట్రానిక్ నిఘాకు చోటిచ్చారు. 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ అనే నిబంధన తెచ్చింది. కెమెరా పట్టిన తప్పుకు 15 రోజుల లోపల తాఖీదు పంపాలనీ, అందులో ఫోటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షను కిందికి వస్తుందో వుండాలనీ, కెమెరాలున్న చోట ముందుగా హెచ్చరిక బోర్డులు పెట్టాలనీ అందులో రాశారు. ఇంగ్లండులోనూ ఇలాంటి గడువే వుంది. అతివేగంలాంటి తప్పు కెమెరాకు చిక్కితే 14 రోజుల లోపల బండి యజమానికి తాఖీదు చేరాలి. ఆలస్యమైతే సాధారణంగా ఆ తప్పు మీద శిక్ష వేయడానికి వీలుండదు. తెలియజేయడం వాళ్ళ లెక్కలో మర్యాద కాదు, శిక్షలో ఒక భాగం.

మన దగ్గర తాఖీదులు కొండలా పేరుకున్నాక తగ్గింపు ధరల తిరునాళ్ళు పెట్టవలసి వచ్చింది. 2022 మార్చిలో తెలంగాణ పోలీసులు ద్విచక్ర వాహనాలవారు పాత బకాయిలో నాలుగోవంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో మళ్ళీ తెరిచి, అయిదోవంతు కడితే చాలన్నారు. జనం ఎగబడి కట్టారు. బీదవాడికి అది మేలే. కాని ఎప్పటికప్పుడు కట్టినవాడు తెలివితక్కువవాడూ, ఆగినవాడు లౌక్యుడూ ఐనాడు. "దండుగ" అనే మాటకు పాత నిఘంటువుల్లో జరిమానా అనే అర్థం వుంది. ఇప్పుడు వృథా ఖర్చు అనే అర్థమే మిగిలింది. వేళకు అందని శిక్షకు పట్టే గతి కూడా అదే.

దొంగ తాఖీదులు

ఇది చాలదన్నట్టు దొంగలు కూడా తాఖీదులు పంపుతున్నారు. "మీ బండికి చలానా పడింది, వివరాలకు ఈ ఫైలు తెరవండి" అని వాట్సాప్‌లో వస్తుంది. చివర ఏపీకే అనే మూడక్షరాలుంటాయి. కంగారులో తెరిచామా, ఫోనులోని బ్యాంకు గుట్టంతా వాళ్ళ చేతికి పోతుంది. భయపడేవాడి వేలే వాళ్ళకు పెట్టుబడి. నిజమైన ప్రభుత్వ సైటు చిరునామా "జీవోవీ డాట్ ఇన్" అని ముగుస్తుంది. చలానా చూపించడానికి పోలీసులు ఎవరినీ ఏపీకే ఫైలు ఎక్కించుకోమనరు. అనుమానం వస్తే సందేశంలోని లంకెను ముట్టుకోకుండా, ఆ సైటు మీరే తెరిచి బండి నెంబరు కొట్టి చూసుకోండి.

పాఠకులు చేయదగిన పనులు మరి రెండున్నాయి. రిజిస్ట్రేషన్‌లో ఇప్పుడు వాడుతున్న ఫోను నెంబరే వుందో లేదో చూసుకోండి, లేకపోతే మార్పించండి. చలానా వస్తే కట్టేముందు ఫోటో చూడండి. నెంబరు పలక మీది ఒక అక్షరం మసకగా వుండి, ఎవరి బండో మీ లెక్కలో పడివుండవచ్చు. అప్పుడు కట్టడం కాదు, ఫిర్యాదు చేయడం మీ హక్కు.

పోలీసు పెద్దలకు కూడా ఒక మనవి. నేను చూసిన సందేశాలన్నీ ఇంగ్లీషులోనే వున్నాయి, సెక్షన్ల నెంబర్లతో. ఆటో తోలే మనిషి వాటిని చదివించుకోవడానికి ఇంకొకరి దగ్గరికి పోవాలి. "ఈ పొద్దు 8 గంటలకు ఫలానా చౌరస్తాలో హెల్మెట్ లేకుండా వెళ్ళారు, రేపు పెట్టుకోండి" అని రెండు తెలుగు ముక్కలు అదే రోజు పంపడం కెమెరాలు కొనగలిగిన శాఖకు పెద్ద ఖర్చు కాదు. ఒకే బండి ఒకే కూడలిలో మూడోసారి చిక్కితే నాలుగో ఫోటో తీయడం మాని, ఆ బండిని ఆపి చెప్పండి. ఆ నాలుగో పొద్దున కూడా వెనక సీటు మీద ఒక చిన్నపిల్ల సంచీ తగిలించుకుని కూర్చుని వుంటుంది.