దైవచిత్తమునకు లోబడుట

దేవుని చిత్తమునకు లోబడుట యననేమి, దానినుండి పారిపోవుట యననేమి యను ప్రశ్న బైబిలు తరగతులలో తఱచుగా వచ్చుచుండును. ఉత్తరముగా యోనా ప్రవక్త చరిత్రమును చెప్పుదుము. నీనెవెకు పొమ్మని ఆజ్ఞ కాగా అతడు యొప్పే రేవునకు దిగి, కేవు చెల్లించి, తర్షీషునకు పోవు ఓడ నెక్కెను. కేవు అను మాట కృష్ణ రేవులలో పడవ దాటిన మన పెద్దలకు క్రొత్తది కాదు. ఆజ్ఞ మీఱుటకు అతడు తన చేతి సొమ్మే వెచ్చించెనని గ్రంథమున వ్రాయబడుట చిన్న సంగతిగా మాకు తోచదు.

అయితే ఈ కథను చేప కడుపుతో ముగించుట మన వాడుక. అసలు సంగతి పిమ్మటనే యున్నది. యోనా నీనెవెకు పోయెను, ప్రకటించెను, ప్రజలు మారుమనస్సు పొందిరి, పట్టణము నశింపలేదు. అందులకు అతడు కోపించి, ఊరి వెలుపల కూర్చుండి చావు కోరెను. దేవుడు శత్రువులను సయితము క్షమించునని యెఱుగుదును గనుకనే మొదట పారిపోతినని అతడే ఒప్పుకొనెను. కాళ్లు నీనెవె చేరినను మనస్సు తర్షీషులోనే యుండెను. చెప్పిన పని చేయుట వేఱు, చెప్పినవాని చిత్తమును తన చిత్తముగా చేసికొనుట వేఱు.

మన కృష్ణామండలమునందే గమనింపదగిన చరిత్ర యొకటి కలదు. చర్చి మిషనరీ సొసైటీవారు పంపగా రాబర్టు టర్లింగ్టన్ నోబులుగారును హెన్రీ వాట్సన్ ఫాక్సుగారును 1841లో మచిలీపట్టణమునకు వచ్చిరి. నోబులుగారు 1843లో పాఠశాల తెఱచిరి. పిమ్మట అది ఆయన పేరిట కళాశాలగా ఎదిగెను. 1852లో విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణమున గొప్ప కలవరము పుట్టి బడి దాదాపు ఖాళీ యయ్యెను. ఆయన ఊరు విడువలేదు. ఇరువదినాలుగేండ్లలో ఒక్కసారియైనను స్వదేశమునకు పోక, 1865లో మచిలీపట్టణముననే మరణించిరి.

ఫాక్సుగారి మార్గము వేఱు. 1845లో భార్యను పోగొట్టుకొని ఇంగ్లండునకు వెళ్లి, మరల తెలుగుదేశమునకు వచ్చిరి. 1848లో ఆరోగ్యము చెడి తిరిగిపోయి, ఆ సొసైటీ పనిలోనే చేరి, ఆ యేడే కన్నుమూసిరి. నిలిచినవాడు విధేయుడనియు వెళ్లినవాడు పిఱికివాడనియు తీర్పు చెప్పుదుమా? ఓడ యెక్కుటయే తప్పైనచో ఫాక్సుగారును యోనాయు ఒక్కటే కావలెను. యోనా శరీరమున బలముండగా పారిపోయెను. ఫాక్సుగారు బలము నిలిచినంతవఱకు నిలిచిరి.

ఇక మన పల్లెలలో మిక్కిలి వ్యాపించిన పొరపాటొకటి యున్నది. ఏ ఆపద వచ్చినను "అంతయు దైవచిత్తము" అని చేతులు ముడుచుకొనుటయే విశ్వాసమని కొందఱెంచుదురు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి మచిలీపట్టణముమీదను చుట్టుపట్లను విఱుచుకొనిపడగా సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ మునిగి వేలకొలది జనులు నశించిరి. తుపాను హెచ్చరిక విని పిల్లలతో మెఱకకు పోవువాడు దేవునినుండి పారిపోవుట లేదు. నోవహు ఓడ కట్టలేదా? 1833 నాటి గుంటూరు కఱవును చూచి, అది తప్పదని ఊరకుండినయెడల బెజవాడ యొద్ద 1855లో ముగిసిన ఆనకట్టయే లేకపోవును. డెల్టాలో ఇన్ని కాలువలు పాఱకపోవును.

గెత్సేమనేలో ప్రభువు సయితము పాత్ర తొలగింపుమని మొదట అడిగెను. అడుగుట అవిధేయత కాదు. అడిగి, తొలగనప్పుడు తోటనుండి వెళ్లిపోక అచ్చటనే యుండెను. తలిదండ్రులకును మా తోడి ఉపాధ్యాయులకును ఈ సందర్భమున ఒక మనవి. బిడ్డను సమాధిచేసి వచ్చిన తల్లితో, ఇది దేవుని చిత్తము, ఏడువవద్దని చెప్పుట మనలో ఆచారమైనది. అది బోధ కాదు, క్రూరత్వమని మా అభిప్రాయము. లాజరు సమాధియొద్ద యేసు ఏడ్చెను. అతనిని లేపబోవుచున్నానని యెఱిగియుండియు ఏడ్చెను. అట్టి యింటికి పోయినప్పుడు ఉపన్యాసము మాని, ఆ తల్లి ప్రక్కను కొంతసేపు కూర్చుండి, ఆ పూట అన్నము వండి పెట్టి రావలెను.