చక్రాల మీది ఇల్లు: ఏది మేలు?

పిల్లలూ! ఇంటిని వెంటబెట్టుకుని తిరిగే ప్రాణి ఏదంటే మీరు వెంటనే "నత్త!" అంటారు. నిజమే. కాని మనిషి కూడా ఆ పని చేస్తాడు. బస్సులు, ట్రాక్టర్లు ఇంతగా లేని రోజుల్లో మా తిరువూరు వైపు పల్లెల నుంచి పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్లకు జనం గూడు బళ్లు కట్టుకుని వెళ్లేవారు. వెదురు బద్దలు వంచి పైన చాప కప్పితే అది ఇంటికప్పు. కింద మందంగా వరిగడ్డి పరిస్తే అది పరుపు. గంపలో గిన్నెలు, సంచిలో బియ్యం. చెట్టు కింద బండి ఆపి మూడు రాళ్లు పెడితే అదే వంటిల్లు. ముసలమ్మలూ పసిపిల్లలూ బండిలో పడుకునేవారు, మగవాళ్లు బండి కింద పడుకునేవారు.

ఈ కాలంలో ఆ బండికి ఇంజను వచ్చింది, పొయ్యి వచ్చింది, స్నానాల గది కూడా వచ్చింది. దాన్ని మోటారు హోము అంటున్నారు. దాని గురించి నేను తెలుసుకోవలసి రావడానికి ఒక కారణం ఉన్నది.

ఈ మధ్య ఒక సాయంత్రం మా వీధిలో ఉండే పెద్దావిడ ఒకరు మా ఇంటికి వచ్చారు. ఆవిడ కొడుకు నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు ఇంగ్లండులో భార్యతో, తొమ్మిదేళ్ల కూతురితో ఉంటున్నాడు.

"మాస్టారుగారూ! మావాడు చక్రాల మీది ఇల్లు కొంటాడట. అందులో రెండు రకాలున్నాయట. ఏది కొనాలో తేలక మొగుడూ పెళ్లాం నెల రోజులుగా వాదులాడుకుంటున్నారు. మీరు కాస్త లెక్క కట్టి చెప్పండి," అన్నారు. లేచి వెళ్లబోతూ, "నాకోసం ఏమీ చూడొద్దనండి. నేను అక్కడ ఉండేది ఏడాదికి ఆరు వారాలేగా!" అని కూడా అన్నారు.

ఆ చివరి మాటను గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

ఇంతకూ ఆ రెండు రకాలూ ఏమిటి? విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టే షెడ్లను మీలో కొందరు చూసే ఉంటారు. ఇంజను, చక్రాలు, ఇనప చట్రం మాత్రమే ఉన్న బండిని చాసిస్ అంటారు. దానిమీద పనివాళ్లు కొత్తగా బాడీ కడతారు. ఇళ్ల బండ్లలో మొదటి రకం కూడా ఇలాంటిదే. డ్రైవరు గది వెనక ఉన్న చట్రం మీద ఒక పెద్ద పెట్టెలాంటి గదిని కడతారు. దీన్ని కోచ్‌బిల్ట్ అంటారు. మనం "బాడీ కట్టిన బండి" అందాం.

రెండో రకంలో కొత్తగా బాడీ కట్టరు. సామాన్లు చేరవేసే మూత వ్యాను ఉన్నది గదా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ ఇనప రేకు వ్యానులోనే మంచం, పొయ్యి, అలమర అమరుస్తారు. దీన్ని ప్యానెల్ వ్యాను అంటారు. మనం "రేకు వ్యాను" అందాం.

రెంటికీ మంచి చరిత్ర ఉన్నది. 1885లో గార్డన్ స్టేబుల్స్ అనే ఆయన, నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి పిల్లల కథలు రాసినవాడు, "వాండరర్" అనే ఇంటిబండిని కట్టించుకున్నాడు. రెండు గుర్రాలు కట్టి, ఇంగ్లండు నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా దాదాపు 1,300 మైళ్లు ప్రయాణం చేశాడు. బాడీ కట్టిన బండికి అది తాతగారి వంటిది. ఇక జర్మనీలో ఫోక్స్‌వాగన్ కంపెనీ వ్యాను 1950లో బయటికి వచ్చింది. మరుసటి ఏడే, 1951లో, వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ ఆ వ్యానులో పెట్టుకునే మంచాల పెట్టెను తయారుచేసింది. రేకు వ్యాను ఇళ్లకు అది పేరు తెచ్చింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మొదటిది వెడల్పు. యూరపులో ఇళ్లుగా మార్చే పెద్ద రేకు వ్యాను సుమారు 2.05 మీటర్ల వెడల్పు, 2.6 మీటర్ల ఎత్తు ఉంటుంది. బాడీ కట్టిన బండి సాధారణంగా సుమారు 2.3 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు ఉంటుంది. తేడా జానెడేగా అనుకోకండి. మా తిరువూరు మామిడి తోటల దారుల్లో కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. అక్కడ ట్రాక్టరు మీద గడ్డి మోపు ఒక్క జానెడు ఎక్కువ ఎత్తయితే కొమ్మకు తగులుతుంది. ఇంగ్లండు పల్లెల్లోనూ ఇరువైపులా పొదలున్న సన్నని దారులే.

గాలి కూడా లెక్కలోకి వస్తుంది. 2.05ను 2.6తో హెచ్చవేస్తే 5.33 చదరపు మీటర్లు. 2.3ను 2.8తో హెచ్చవేస్తే 6.44. అంటే బాడీ కట్టిన బండి ముఖం సుమారు అయిదో వంతు పెద్దది. సైకిలు మీద ఎదురుగాలిలో గొడుగు పట్టుకుని తొక్కి చూసినవాడికి దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. పైగా వేగం రెండింతలయితే గాలి అడ్డగింత నాలుగింతలవుతుంది. అందుచేత రేకు వ్యాను చమురు తక్కువ తాగుతుంది, తోలడం కూడా తేలిక.

రెండవది చలి, చెమ్మ. గ్లాసులో చల్లని నీళ్లు పోసి బల్ల మీద పెట్టండి. కాసేపటికి గ్లాసు బయట నీటి బొట్లు పడతాయి. అవి గ్లాసులోంచి కారినవి కావు. గాలిలోని ఆవిరి చల్లని గ్లాసుకు తగిలి నీరయింది. చలిదేశంలో రేకు వ్యాను లోపల రాత్రి ఇదే జరుగుతుంది. నలుగురు నిద్రపోతూ విడిచే ఊపిరిలోని ఆవిరి చల్లని రేకు మీద నీరవుతుంది. రేకు లోపలివైపు చలిని ఆపే పొర బాగా వేయాలి, లేకపోతే తుప్పు పడుతుంది. బాడీ కట్టిన బండి గోడల్లో రెండు పలకల నడుమ నురుగులాంటి తేలిక పదార్థం ఉంటుంది గనక వెచ్చగా ఉంటుంది. అయితే దానికి అతుకులు ఎక్కువ. అతుకులోంచి వాన నీరు దిగిందంటే గోడ లోలోపలే కుళ్లిపోతుంది. అందుచేత ఏటా ఒకసారి చెమ్మ పరీక్ష చేయించాలి. ఏ బండిలోనయినా పొయ్యి వెలిగిస్తే గాలి వచ్చే దారి మూయకూడదు. విషవాయువు పుడితే మోగే గంట తప్పక ఉండాలి.

మూడవది బరువు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. బ్రిటనులో 1997 జనవరి 1 తరవాత కారు పరీక్ష పాసయినవారు మామూలుగా నడపగల డీజిలు బండి మొత్తం బరువు 3,500 కిలోలు మించరాదు. మన కుర్రవాడు ఆ తరవాత పాసయినవాడే. డ్రైవరుతో, చమురుతో కలిపి బండి 2,950 కిలోలు ఉన్నదనుకోండి. మిగిలింది 550. తక్కిన ముగ్గురు మనుషులు 150, తాగే నీరు 100 లీటర్లు అంటే 100 కిలోలు, గ్యాసు 25, పందిరి గుడ్డ 30, కుర్చీలూ బల్లా 25, గిన్నెలూ తిండీ 60, బట్టలూ దుప్పట్లూ 70, రెండు సైకిళ్లు 35. మొత్తం 495. మిగిలింది 55 కిలోలు మాత్రమే! అందులో 20 కిలోల బియ్యపు సంచి పెడితే 35. ఇక నాయనమ్మ తెచ్చే ఆవకాయ జాడీల మాట మీరే ఆలోచించండి. బరువు మించితే పోలీసులు జరిమానా వేస్తారు. అంతకంటె పెద్ద ప్రమాదం ఏమంటే, బ్రేకు వేసినచోట బండి ఆగదు. కొండపల్లి బొమ్మలకు తేలికయిన తెల్లపొణికి కర్ర వాడినట్టే, ఇంటిబండి కట్టేవారు తేలిక పలకలు వాడేది ఇందుకే.

నాలుగవది లోపలి చోటు. రేకు వ్యాను గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. చాలా వ్యాన్లు ఇద్దరికే సరిపోతాయి. నలుగురు పడుకునే వ్యాన్లలో చాలావాటికి పైకి లేచే కప్పులో ఒక మంచం ఉంటుంది, నిచ్చెన ఎక్కాలి. కొన్నిటిలో కింద పడక రోజూ కుర్చీలు మడిచి పరవాలి. మరుగుదొడ్డి అలమర అంత ఉంటుంది. బాడీ కట్టిన బండిలో గోడలు నిటారుగా ఉంటాయి గనక అదే పొడవులో చోటు ఎక్కువ. మంచం ఎప్పుడూ పరిచే ఉంచవచ్చు, స్నానాల గదికి తలుపు ఉంటుంది. ఎందులోనయినా పడకలు ఎన్ని అని కాక, బెల్టు ఉన్న సీట్లు ఎన్ని అని ముందు అడగాలి. నలుగురు వెళ్లాలంటే నాలుగు బెల్టులు ఉండి తీరాలి.

ఈ లెక్కలన్నీ రాసి మా కుర్రవాడికి పంపాను. "మాస్టారూ! మీ లెక్క ప్రకారం వెడల్పులో, గాలిలో రేకు వ్యాను నెగ్గింది. వెచ్చదనంలో, చోటులో రెండోది నెగ్గింది. రెండు రెండ్లు! ఇప్పుడేం చెయ్యమంటారు?" అని ఫోను చేశాడు.

"ఒక సంగతి చెప్పు నాయనా. మీ అమ్మ రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది?" అని అడిగాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మూడుసార్లు. మోకాళ్ల నొప్పులు, మాస్టారూ," అన్నాడు.

రేకు వ్యానులో ఆవిడ లేచినప్పుడల్లా ఎవరినో లేపాలి, ఏదో మడవాలి. అలా లేపడానికి మొహమాటపడి ఆవిడ సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పదు. "నాకోసం చూడొద్దు" అన్న మాటకు అర్థం అదే!

"కొనే ముందు రెండు రకాలూ మూడేసి రోజులు అద్దెకు తీసుకుని, మీ అమ్మను కూడా వెంటబెట్టుకుని తిరిగి చూడండి," అన్నాను. వాళ్లు అలాగే చేశారు. చివరికి ఆరు మీటర్ల పొడవున్న, బాడీ కట్టిన చిన్న బండి తీసుకున్నారు. సన్నని దారులు వచ్చినచోట కోడలు ముందు దిగి దారి చూపిస్తున్నదట. సైకిళ్లు ఇంటి దగ్గరే వదిలి, ఆ బరువులో జాడీలు పెట్టుకున్నారట!

మన దేశంలో కూడా ఇలాంటి బండ్లు వస్తున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లో "కేరవాన్ కేరళ" పథకం ప్రారంభించింది. ఫోర్స్ ట్రావెలర్ వంటి వ్యాన్లను ఇళ్లుగా మారుస్తున్నారు. అయితే సొంత వ్యానును మనకు తోచినట్టు మార్చకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడం కుదరదు. ముందుగా రవాణా శాఖవారిని అడగాలి.

పిల్లలూ! గూడు బండిలో గడ్డి అంతటా ఒకే మందంగా పరిచేవారు కాదు. ముసలమ్మ కూర్చునేచోట రెండింతలు పరిచేవారు. ఏ బండి మేలు అని ఎవరయినా అడిగితే ముందు, "మీలో అందరికంటె ఓపిక తక్కువవారు ఎవరు?" అని అడగండి. ఆ తరవాత లెక్క కట్టండి.

మీకొక చిన్న లెక్క: పైన చెప్పిన బండిలో బియ్యం సంచి కూడా పెట్టాక, ఇంకా 40 లీటర్ల నీరు నింపితే, ఆ బండి రోడ్డెక్కవచ్చునా? ఎక్కకూడదంటే, ఏ వస్తువు దింపుతారు? మీ ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని ఆలోచించండి.