కారు ఏసీలో గ్యాస్ ఎందుకు ‘అయిపోతుంది’?

ఖరగ్‌పూర్‌లో ఏప్రిల్ వస్తే ఏసీ మెకానిక్‌లకు తీరిక ఉండదు. వచ్చినవాళ్లు చెప్పేది ఒకటే: “గ్యాస్ అయిపోయింది, నింపండి.” అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మా బాబాయిదీ అదే మాట. రెండు వేసవులు నింపించారు. మూడోసారి నేనూ వెంట వెళ్లాను.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ నొక్కితే వేడెక్కి, కారు ముందున్న కండెన్సర్‌లో ఆ వేడిని వదిలి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు వెనక ఎవాపరేటర్‌లో మళ్లీ ఆవిరై, లోపలి వేడిని పీల్చుకుంటుంది. అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కాస్త పోవడం మామూలే. ఏటా నింపాల్సి వస్తే మాత్రం లీకే.

గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, కారే చోట జిడ్డు మరక పడి దుమ్ము పేరుకుంటుంది. బాబాయి కారులో అది కండెన్సర్ కింది మూలన కనిపించింది. మెకానిక్ నైట్రోజన్ ఎక్కించి సబ్బునురగ రాయగానే బుడగలు లేచాయి. “ఇది మా బ్రేకు పైపు పరీక్షే కదమ్మా!” అన్నారు బాబాయి. చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి ఒత్తిడి ఉండే రైలు బ్రేకు పైపుల జాయింట్లకూ సబ్బునీళ్లే రాస్తారు. ఇక్కడ మామూలు గాలి పనికిరాదు, తేమ లోపలికి పోతుంది.

సబ్బుకు చిక్కని సన్నని లీకులకు అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు, ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ఉన్నాయి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. అందుకే డిటెక్టర్ మొనను జాయింటు కింద తిప్పాలి. కంటికి కనిపించని ఎవాపరేటర్‌నైతే, నీళ్లు కారే గొట్టం దగ్గర పరీక్షిస్తారు.

కండెన్సర్, రబ్బరు ఓ-రింగులు మార్చాక వాక్యూమ్ పంపు పెట్టారు. ఒత్తిడి 42 మిల్లీబార్లకు పడిపోతే 30 డిగ్రీల దగ్గరే నీరు మరుగుతుంది. లోపలి తేమ అలా బయటికి పోతుంది. వాక్యూమ్ నిలిస్తే లీకు లేనట్టేనని చాలామంది అనుకుంటారు. నేనైతే నమ్మను. వాక్యూమ్‌లో తేడా ఒక్క వాతావరణ పీడనమే, ఏసీ నడిచేటప్పుడు కండెన్సర్ వైపు పదికి పైగా ఉంటుంది.

చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ ఓజోన్‌ను దెబ్బతీయదు. కానీ వందేళ్ల లెక్కలో దాని కిలో సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఇలాంటి గ్యాస్‌లను తగ్గించే కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. బాబాయి కారులో పట్టేది అర కిలో. అదంతా కారిపోతే దాదాపు 300 లీటర్ల పెట్రోలు కాల్చినట్టే.

“రెండుసార్లు నింపించాను కదే,” అన్నారాయన, బిల్లు చూస్తూ.