తెఱచుకొనని కిటికీ

గోదావరి తీరమునందలి యొక గ్రామమున డిగ్రీ చదువుచున్న విద్యార్థి యొకడు గలడనుకొందము. అతని నాయనమ్మకు ఊయలపాటలు, ఊడ్పుపాటలు అనేకము వచ్చును. వయోభారముచే ఆమె జ్ఞాపకశక్తి నానాటికి సన్నగిల్లుచుండుట గమనించి, అతడు ప్రతిదినము సాయంకాలము ఆమె ప్రక్కన గూర్చుండి, ఆమె పాడిన పాటలను తన కంప్యూటరులో తెలుగు అక్షరములతో వ్రాసికొనుచుండెను. అట్లు 40కి పైగా పాటలు సమకూడెను. వానికి వేఱొక ప్రతి లేదు.

ఒకనాటి యుదయమున అతడు కంప్యూటరు తెఱచి టెర్మినల్ గుర్తుపై నొక్కెను. గుర్తు కొంతసేపు గిరగిర తిరిగెను. పిమ్మట ఏమియు జరుగలేదు. కిటికీ తెఱచుకొనలేదు, తప్పు ఇది యని తెలుపు మాటయైనను కనబడలేదు. మఱల నొక్కెను, మఱల అంతే. స్నేహితుని నడుగగా, "లినక్సు చెడిపోయినది. ఉన్నదంతయు తుడిచివేసి మఱల ఎక్కించుకొనుము" అని అతడు ఫోనులో చెప్పెను. ఇట్టి సలహా తేలికగా దొరకును. అది సరియైనదో కాదో తెలియవలెనన్నచో ఆ కిటికీ వెనుక నేమి యున్నదో తెలిసికొనవలెను.

టెర్మినల్ నేడు తెరపై నొక కిటికీ మాత్రమే. పూర్వమది బరువైన యంత్రము. 1963లో వెలువడిన టెలిటైప్ మోడల్ 33 అను యంత్రమునకు టైపురైటరునకు వలె మీటలును, ఒక కాగితపుచుట్టయు ఉండెడివి. మనుష్యుడు మీటలు నొక్కగా అక్షరములు తీగవెంట కంప్యూటరునకు పోయెడివి. కంప్యూటరు పంపిన ప్రత్యుత్తరము కాగితముపై ముద్రితమయ్యెడిది. సెకనుకు 10 అక్షరములు దాని వేగము. తరువాత కాగితమునకు బదులు గాజుతెరగల యంత్రములు వచ్చెను. వానిలో 1978 నాటి వీటీ100 మిక్కిలి ప్రసిద్ధము. క్రమముగా ఆ యంత్రములు మాయమై, వాని నడవడిని అనుకరించు ప్రోగ్రాములు మిగిలెను. పగటివేషగాడు రాజు వేషము వేసికొన్నట్లు, ఈ ప్రోగ్రాము పాత యంత్రపు వేషము వేసికొనును. దీనికే టెర్మినల్ ఎమ్యులేటరని పేరు.

ఆ కిటికీలో మనము వ్రాసిన ఆజ్ఞలను చదివి నెఱవేర్పించునది షెల్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు 1969లో కెన్ థామ్సను, డెన్నిస్ రిచీ మున్నగువారు యూనిక్సు అను వ్యవస్థను ఆరంభించిరి. 1979లో వెలువడిన దాని యేడవ సంచికతో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ వచ్చెను. ఎన్విరాన్‌మెంటు అను పద్ధతియు ఆ సంచికతోనే వచ్చినది. నేడు లినక్సులో విరివిగా వాడబడు బాష్ అను షెల్ ఆ బోర్న్ షెల్ సంతతిలోనిదే.

ఎన్విరాన్‌మెంటు అనగా పరిసరము. కంప్యూటరులో ప్రోగ్రాము తనంత తాను పుట్టదు. వేఱొక ప్రోగ్రాము దానిని పుట్టించును. పుట్టించినది తల్లి, పుట్టినది బిడ్డ. బిడ్డకు తల్లి ఒక చీటీలమూట కట్టియిచ్చును. ఒక్కొక్క చీటీపై ఒక పేరును, దాని కెదుట ఒక విలువయు ఉండును. పాత్ అను చీటీ ఆజ్ఞలను ఏయే అరలలో వెదుకవలెనో చెప్పును. టెర్మ్ అను చీటీ ఏ జాతి యంత్రపు వేషము వేసికొన్నదో చెప్పును. లాంగ్ అను చీటీ ఏ భాష, ఏ లిపిసంకేతము వాడవలెనో చెప్పును. బిడ్డకు దక్కిన మూట తల్లి మూటకు నకలు మాత్రమే. బిడ్డ తన చీటీని దిద్దుకొన్నచో తల్లి చీటీ మాఱదు. బిడ్డ పుట్టిన పిమ్మట తల్లి తన చీటీని దిద్దుకొన్నను బిడ్డకు తెలియదు. విద్యార్థులు ఈ యొక్క సంగతిని గట్టిగా గుర్తుంచుకొనవలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఇంతకును ముందునాటి రాత్రి జరిగినదేమి? కళాశాల పనికై అతడొక ఇంగ్లీషు పదముల పట్టికను వరుసలో పేర్చవలసివచ్చెను. పెద్దబడి అక్షరములతో మొదలగు పదములు ముందును, చిన్నబడివి తరువాతను రావలెను. సార్ట్ అను ఆజ్ఞ రెంటిని కలగలిపి పేర్చుచుండెను. ఎల్‌సి ఆల్ అను చీటీపై సి అని వ్రాసినచో వరుస చక్కబడునని అతడు ఒకచోట చదివెను. ఆ మాట నిజమే. కాని ఆ యొక్క ఆజ్ఞకు మాత్రము చెప్పి యూరకుండక, ఎల్లప్పుడు నుండునట్లు, తన ఇంటి అరలోని ప్రొఫైల్ అను ఫైలు చివర దానిని వ్రాసి, పుట్టబోవు ప్రోగ్రాములన్నిటికిని పంచిపెట్టుమని చేర్చెను. ఆ ఫైలు లాగిన్ అగునపుడు మాత్రమే చదువబడును. అందుచే ఆ రాత్రి అంతయు సవ్యముగా నడిచెను. తెల్లవాఱి లాగిన్ కాగానే దోషము బయటపడెను. కారణమునకును ఫలితమునకును నడుమ ఒక నిద్ర పట్టుటచే, రెంటికిని గల సంబంధము అతనికి తోచలేదు.

ఎల్‌సి ఆల్ మిక్కిలి పెత్తనము గల చీటీ. అది యున్నచో లాంగ్ మున్నగు తక్కిన భాషాచీటీలు చెల్లవు. దానిపై సి యని యున్నచో లిపిసంకేతము ఆస్కీ యగును. 1963లో మొదటిసారి ప్రమాణముగా వెలువడిన ఆస్కీలో నేడు గల సంకేతములు 128 మాత్రమే. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, కొన్ని అదుపు సంకేతములు—ఇంతే. తెలుగు అకారమునకు అందు చోటు లేదు. ప్రపంచపు లిపుల కెల్ల సంఖ్యలనిచ్చునది యూనికోడ్. ఆ సంఖ్యలను బైటులుగా వ్రాయు పద్ధతులలో మిక్కిలి వ్యాప్తి గలది యూటీఎఫ్-8. యూనిక్సును ఆరంభించిన ఆ థామ్సనే, రాబ్ పైక్‌తో కలిసి, 1992లో న్యూజెర్సీలోని యొక భోజనశాలలో కాగితముపై వ్రాసి దీనిని రూపొందించెను. ఇందు ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు 3 బైటులు కావలెను. 'తెలుగు' అను మాటలో త, ల, గ అను 3 హల్లులును, వానికి చేరిన 3 గుణింతపు గుర్తులును గలవు. అనగా 6 సంకేతములు, 18 బైటులు.

ఆ విద్యార్థి కంప్యూటరులో నున్నది గ్నోమ్ టెర్మినల్. దాని సంచికలలో అనేకము, లిపిసంకేతము యూటీఎఫ్-8 కానిచో పని నారంభింపవు. ఇది మొండితనముగా తోచవచ్చును. కాని తెఱచుకొని పాటలను ప్రశ్నార్థకములుగా జూపుటకంటె తెఱచుకొనకుండుటయే మేలు. దాని దోషమెల్ల కారణమును తెరపై చెప్పకుండుటలో నున్నది.

మధ్యాహ్నము అతని పెదతండ్రి కుమారుడు వచ్చెను.

"అన్నా, అంతయు తుడిచివేయమనుచున్నారు."

"తుడుచుట ఎప్పుడైనను తుడువవచ్చునురా. ముందు పాటలకు నకలు తీయుము."

ఫైళ్లను జూపు కిటికీ ఎప్పటివలెనే తెఱచుకొనుచుండెను. పాటలను పెన్‌డ్రైవులోనికి ఎక్కించిరి. ఆ కంప్యూటరులో అదృష్టవశమున ఎక్స్‌టెర్మ్ అను వేఱొక ఎమ్యులేటరు కూడ నుండెను. 1984లో పుట్టిన ఆ పాత ప్రోగ్రామునకు ఇట్టి పట్టింపు లేదు. ఆల్ట్, ఎఫ్2 మీటలను కలిపి నొక్కి, వచ్చిన గడిలో దాని పేరు వ్రాయగా అది వెంటనే తెఱచుకొనెను. (అదియు లేనిచో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కగా పెక్కు లినక్సులలో అక్షరములు మాత్రమే గల తెర వచ్చును, అందును ఆజ్ఞలు వ్రాయవచ్చును.) దీనితో షెల్ చెడలేదనియు, చెడినది ఆ కిటికీకి మాత్రమే చెందినదనియు తేలెను. పిమ్మట జర్నల్‌సీటీఎల్ అను ఆజ్ఞతో కంప్యూటరు దినచర్యను తిరుగవేసిరి. అందు, యూటీఎఫ్-8 కాని లోకేల్ చెల్లదను మాటయు, దాని నడుమ ఆన్సీ ఎక్స్3.4-1968 అను పేరును ఉండెను. చూచుటకు భయము గొలుపు ఆ పేరు ఆస్కీకి గల ప్రమాణనామమే. లోకేల్ అను ఆజ్ఞ నడుగగా, ఎల్‌సి ఆల్ ఎదుట సి యని వచ్చెను.

విద్యార్థి సంతోషించి, ఆ ఎక్స్‌టెర్మ్‌లోనే ఎల్‌సి ఆల్ చీటీని చింపివేసి, గ్నోమ్ టెర్మినల్‌ను పిలిచెను. అప్పుడును తెఱచుకొనలేదు! అతని ముఖము చిన్నబోయెను. కారణము ఊహించినది తప్పేమో యనుకొనెను. కారణము తప్పు కాదు, చోటు తప్పు. గ్నోమ్ టెర్మినల్ కిటికీలను నడుపునది తెరవెనుక నుండు నొక సర్వరు. అది ఎక్స్‌టెర్మ్‌లోని షెల్‌కు బిడ్డ కాదు. లాగిన్‌తో మొదలైన సెషను దానిని పుట్టించును. సెషను మూటలో పాత చీటీ అట్లే యున్నది. ఒక బిడ్డ తన నకలును చింపుకొన్నంతమాత్రమున ఇంకొక బిడ్డకు మేలు కలుగదు గదా.

కావున ఆ చీటీ పుట్టిన చోటు వెదుకవలసివచ్చెను. ప్రొఫైల్ ఫైలు పేరు చుక్కతో మొదలగును. అట్టి ఫైళ్లను ఎల్‌ఎస్ అను ఆజ్ఞ మామూలుగా చూపదు. ఎ అను సూచన చేర్చినచో చూపును. ఫైలు చివర ఆ పంక్తి కనబడగానే, "ఇది నేనే వ్రాసితిని" అని విద్యార్థి నాలుక గఱచుకొనెను. అన్న దానిని తుడిచివేయలేదు. పంక్తికి ముందు హాష్ గుర్తు పెట్టించెను. ఆ గుర్తు గల పంక్తిని షెల్ ఆజ్ఞగా చదువదు. పిమ్మట లాగౌట్ చేసి, మఱల లాగిన్ కాగా కిటికీ తెఱచుకొనెను. పాటల ఫైలును చూడగా తెలుగు అక్షరములు కుదురుగా కనబడెను. అంతతో ఊరకుండక అన్న ఆ గుర్తును తీయించి మఱియొకసారి లాగిన్ చేయించెను. కిటికీ మఱల మూతపడెను. అప్పుడు గాని కారణము ఇదియేనని అతడు ఒప్పుకొనలేదు. తరువాత గుర్తును మరల పెట్టించెను.

స్నేహితుడు చెప్పినట్లు చేసియుండినచో ఏమగును? ఇంటి అరతో సహా తుడిచియుండినచో పాటలు పోయెడివి. ఇంటి అరను నిలుపుకొని లినక్సును మాత్రము మరల ఎక్కించియుండినచో, ప్రొఫైల్ ఫైలు ఆ అరలోనిదే కావున, క్రొత్త వ్యవస్థలోనికి పాత రోగము మరల వచ్చియుండెడిది.

ఇట్టివే మఱికొన్ని గలవు. లాంగ్ చీటీపై వ్రాసిన లోకేల్ ఆ కంప్యూటరులో తయారుచేయబడి యుండనిచో, పేరు సరిగానే యున్నను ఇదే గతి పట్టును. లోకేల్ ఆజ్ఞకు ఎ అను సూచన చేర్చినచో తయారుగా నున్న వాని పట్టిక వచ్చును. టెర్మ్ చీటీపై తప్పు పేరున్నచో కిటికీ తెఱచుకొనును గాని, బాణపు మీటలు నొక్కగా వింత అక్షరములు పడవచ్చును. పాత్ చీటీకి క్రొత్త అరను చేర్చబోయి పాతవానిని పోగొట్టుకొన్నచో, ఎల్‌ఎస్ వంటి చిన్న యాజ్ఞయు దొరకలేదని షెల్ చెప్పును. ఆజ్ఞ ఎక్కడను పోలేదు, వెదుకవలసిన చోటు మాత్రమే షెల్‌కు తెలియదు. అప్పుడు అర పేరుతో సహా పూర్తిగా వ్రాసినచో ఆజ్ఞ పనిచేయును.

ఆ విద్యార్థికి పదముల పట్టిక పని ఇంకను మిగిలియుండెను. ఎల్‌సి ఆల్ చీటీని సార్ట్ అను మాటకు ముందు, ఆ పంక్తిలోనే వ్రాసినచో, అది ఆ యొక్క ఆజ్ఞకే చెల్లి, దానితోనే ముగియునని అన్న చూపెను. పెద్దబడి పదములు ముందును, చిన్నబడివి తరువాతను వచ్చెను. ఆ సాయంకాలము నాయనమ్మ ఇంకొక ఊడ్పుపాట చెప్పగా అతడు వ్రాసికొని, ఆ ఫైలును పెన్‌డ్రైవులోనికి కూడ ఎక్కించెను.