స్లయిడ్లలో ధ్వనిని సరిచేయడం

గత పాఠంలో స్లయిడ్ మీద అక్షరాలను, బొమ్మలను అమర్చడం నేర్చుకున్నారు. ఈ పాఠంలో స్లయిడ్‌కు ధ్వనిని చేర్చి, అందులో అక్కరలేని భాగాన్ని కత్తిరించడం నేర్చుకుంటారు. అలా కత్తిరించిన భాగం ఏమవుతుందో కూడా తెలుసుకుంటారు. ఈ రెండో సంగతి తెలియకుండానే చాలామంది తమ ఫైళ్ళను ఇతరులకు పంపుతుంటారు. కాబట్టి పాఠం పూర్తిగా చదివిన తరువాతనే మీరు తయారుచేసిన ఫైలును ఎవరికైనా ఇవ్వండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఊరి మంచినీటి ఇబ్బంది గురించి గ్రామసభలో చూపడానికి మీరు ఐదారు స్లయిడ్లు తయారుచేస్తున్నారనుకోండి. పక్కింటి అవ్వ మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేశారు. దాని నిడివి 4 నిమిషాల 10 సెకన్లు. మొదటి 12 సెకన్లు కుర్చీ జరిపిన చప్పుడు, "ఇక చెప్పమంటావా?" అన్న మాట. ఆ తరువాత నీళ్ళ సంగతి. మధ్యలో అవ్వ తన కొడుకు చేసిన అప్పు గుర్తుకువచ్చి ఒకటిన్నర నిమిషానికి పైగా దాని గురించే బాధపడింది. మళ్ళీ నీళ్ళ సంగతికి వచ్చి ముగించింది. సభకు వినిపించవలసింది నీళ్ళ సంగతి మాత్రమే. అప్పు మాట ఆమె మిమ్మల్ని నమ్మి మీతో చెప్పుకొన్నది.

ధ్వనిని చేర్చడం

ముందుగా అసలు రికార్డింగుకు ఒక నకలు తీసి వేరే ఫోల్డరులో దాచండి. తరువాత ఏ పొరపాటు జరిగినా అది అక్కరకు వస్తుంది.

కంప్యూటరులో పవర్‌పాయింట్ తెరిచి, కావలసిన స్లయిడ్‌కు వెళ్ళండి. పైన ఉన్న ఇన్‌సర్ట్ ట్యాబ్‌లో ఆడియో అనే బొమ్మను నొక్కి, కంప్యూటరులోని ఫైలును ఎంచుకోండి. స్లయిడ్ మీద చిన్న స్పీకరు బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మ మీద క్లిక్ చేస్తే పైన ప్లేబ్యాక్ అనే ట్యాబ్ వస్తుంది. బొమ్మను ఎంచుకోనంతవరకు ఈ ట్యాబ్ కనిపించదు. కొత్తగా నేర్చుకొనేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

రెండు చివరలను కత్తిరించడం

ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ట్రిమ్ ఆడియో అనే బటను ఉంటుంది. ఈ సౌకర్యం పవర్‌పాయింట్ 2010తో వచ్చింది. అంతకు ముందు ధ్వనిని బయట వేరే ప్రోగ్రాముతో కత్తిరించి తెచ్చుకోవలసి వచ్చేది. బటను నొక్కగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో ధ్వని అలలు ఒక పట్టీలా కనిపిస్తాయి. ఎడమవైపు ఆకుపచ్చ గుర్తు, కుడివైపు ఎర్ర గుర్తు ఉంటాయి. ఆకుపచ్చ గుర్తును జరిపినచోట ధ్వని మొదలవుతుంది. ఎర్ర గుర్తు దగ్గర ఆగుతుంది. మౌసుతో జరపడం కష్టమైతే కింద ఉన్న గళ్ళలో నిమిషాలు, సెకన్లు అంకెల్లోనే వేయవచ్చు. మన ఉదాహరణలో మొదలుకు 12వ సెకను వేస్తే కుర్చీ చప్పుడు పోతుంది.

ఎర్ర గుర్తును పెట్టేటప్పుడు తొందరపడకండి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. 'లేదు', 'రాదు', 'కాదు' అన్న మాటలూ అక్కడే ఉంటాయి. "ట్యాంకు కట్టాక నీళ్ళు వచ్చాయి, ఎండాకాలంలో మాత్రం చుక్క రాదు" అని అవ్వ అన్నదనుకోండి. 'వచ్చాయి' దగ్గర ఆపితే ఆమె చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకమైన మాట సభకు వినిపిస్తుంది. కత్తిరించినవారికి చెడు ఉద్దేశం లేకపోయినా ఫలితం అదే. అందుకని వాక్యం పూర్తయ్యాక మరో అర సెకను నిశ్శబ్దం వదిలి గుర్తు పెట్టండి. వీలైతే సభకు ముందే ఆ ముక్కను అవ్వకు ఒకసారి వినిపించండి. "నేనన్నది ఇదేనా?" అన్న అనుమానం ఉంటే ఆమె అప్పుడే చెబుతుంది.

ముక్క ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగిపోతే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. ప్లేబ్యాక్ ట్యాబ్‌లోనే ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ అనే గళ్ళున్నాయి. వాటిలో అర సెకను వేస్తే ధ్వని మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతుంది. మనిషి మాటలకు ఇంతకంటె ఎక్కువ పెట్టకండి. మొదటి పదం మింగుడుపడుతుంది. స్టార్ట్ అనే చోట ఆటోమేటికల్లీ ఎంచుకుంటే స్లయిడ్ రాగానే ధ్వని మొదలవుతుంది. సభలో మనం ముందు నాలుగు మాటలు చెప్పాలి కాబట్టి, క్లిక్ చేసినప్పుడు మొదలయ్యే ఏర్పాటే మేలు.

మధ్య భాగాన్ని తీసివేయడం

ట్రిమ్ ఆడియోతో చివరలను మాత్రమే కత్తిరించగలం. మధ్యలోని అప్పు మాటలను ఎలా తీయాలి? ఒక ఉపాయం ఉంది. అదే ధ్వనిని స్లయిడ్ మీద రెండుసార్లు చేర్చండి. మొదటి నకలును 12వ సెకను నుంచి 1 నిమిషం 30 సెకన్ల వరకు, రెండో నకలును 3 నిమిషాల 5 సెకన్ల నుంచి 4 నిమిషాల 2 సెకన్ల వరకు కత్తిరించండి. తరువాత యానిమేషన్ ట్యాబ్‌లో, మొదటిది పూర్తికాగానే రెండోది మొదలయ్యేట్టు ఆఫ్టర్ ప్రీవియస్ అని పెట్టండి. వినేవారికి 2 నిమిషాల 15 సెకన్ల మాటలు వరసగా వినిపిస్తాయి. రెండింటి నడుమ చిన్న విరామం ఉంటుంది. అది ఉండటమే మంచిది, అక్కడ ఏదో తీసివేశారని వినేవారికి తెలుస్తుంది.

సభలో వినిపించడానికి ఈ ఉపాయం చాలు. ఫైలును ఇతరులకు ఇవ్వాలంటే మాత్రం చాలదు. ఎందుకో చూద్దాం.

కత్తిరించిన భాగం ఎక్కడికి పోయింది?

ఒక చిన్న ప్రయోగం చేయండి. ధ్వని చేర్చిన తరువాత ఫైలును సేవ్ చేసి దాని సైజు రాసుకోండి. ఇప్పుడు ట్రిమ్ ఆడియోతో సగానికి పైగా కత్తిరించి మళ్ళీ సేవ్ చేయండి. సైజు చెప్పుకోదగినంతగా తగ్గదు. ఫైలును మూసి, తిరిగి తెరిచి, ట్రిమ్ ఆడియో నొక్కండి. గుర్తులకు అవతల ఉన్న ధ్వని అలలన్నీ అలాగే ఉంటాయి. ఆకుపచ్చ గుర్తును ఎడమ చివరకు, ఎర్ర గుర్తును కుడి చివరకు జరిపితే అవ్వ మాటలన్నీ మొదటినుంచీ వినిపిస్తాయి.

దీని అర్థం ఏమిటి? ట్రిమ్ అన్నది ఎక్కడినుంచి ఎక్కడివరకు వినిపించాలో చెప్పే గుర్తు మాత్రమే. అది చీర కుచ్చిళ్ళలో మడిచిన గుడ్డ వంటిది, కత్తెరతో తీసిన గుడ్డ కాదు. పొరపాటు సరిదిద్దుకోవడానికి ఈ ఏర్పాటు ఉపయోగమే. కాని ఆ ఫైలును మీరు పంచాయతీ కార్యాలయానికో, పత్రికా విలేకరికో, వాట్సాప్ గుంపుకో పంపితే కొడుకు అప్పు సంగతి కూడా దానితోపాటే వెళుతుంది. పవర్‌పాయింట్ అంతగా తెలియనివారు కూడా దాన్ని బయటికి తీయగలరు. పీపీటీఎక్స్ అని ముగిసే ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని నకలు పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే, లోపల మీడియా అనే ఫోల్డరులో ధ్వని ఫైలు దొరుకుతుంది.

ఫైల్ మెనూలో ఇన్ఫో కింద కంప్రెస్ మీడియా అనే ఏర్పాటుంది. ధ్వని ఫైలులోనే ఇమిడి ఉన్నప్పుడు అది సైజును తగ్గిస్తుంది, కత్తిరించిన భాగాలను వదిలించుకోవడానికీ ఉద్దేశించినది. అయినా ఇతరుల గుట్టు విషయంలో దాని మీదనే ఆధారపడకండి. ధ్వనిని స్లయిడ్‌లోకి తేవడానికి ముందే కత్తిరించడం అన్నిటికంటె నమ్మకమైన పద్ధతి.

ఇందుకు అడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. 2000లో మొదటిసారి విడుదలైంది. అందులో రికార్డింగును తెరిచి, అక్కరలేని భాగాన్ని మౌసుతో గీసి ఎంచుకొని, డిలీట్ మీట నొక్కాలి. మధ్య భాగమైనా సరే, పోతుంది. తరువాత ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ ద్వారా కొత్త ఎంపీ3 ఫైలు తయారుచేయాలి. సేవ్ చేసిన అడాసిటీ ప్రాజెక్టు ఫైలును ఎవరికీ ఇవ్వకండి; ఎక్స్‌పోర్ట్ చేసినదే ఇవ్వండి. కొన్ని ఫోన్లు ఎం4ఎ రకంలో రికార్డు చేస్తాయి. వాటిని తెరవడానికి అడాసిటీకి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే అదనపు భాగాన్ని చేర్చవలసి రావచ్చు.

కొత్త ధ్వనిని పాత స్లయిడ్ ఫైలులో చేర్చేటప్పుడు పాత స్పీకరు బొమ్మలను తీసివేయడం మరవకండి.

ఎంపీ3 ఎందుకన్నామో కూడా గమనించండి. సీడీ నాణ్యత గల వేవ్ ఫైలు సెకనుకు 1,76,400 బైట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన అవ్వ మాటలన్నీ దాదాపు 44 మెగాబైట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3లో అవే మాటలు 4 మెగాబైట్లే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. స్లయిడ్ మీద ధ్వనిని చేర్చినా ప్లేబ్యాక్ ట్యాబ్ కనిపించడం లేదు. కారణం ఏమై ఉంటుంది?

2. ఒకే ధ్వనిని రెండుసార్లు చేర్చి మధ్య భాగాన్ని దాటవేశారు. ఆ ఫైలును విలేకరికి పంపవచ్చునా?

3. మీ ఇంట్లోవారి మాటలు రెండు నిమిషాలు రికార్డు చేసి, ట్రిమ్ ఆడియోతో 20 సెకన్లకు కుదించండి. ఫైలును మిత్రునికి ఇచ్చి, మిగతా మాటలు వినగలడేమో చూడమనండి.

జవాబులు

1. స్పీకరు బొమ్మను ఎంచుకోలేదు.

2. పంపకూడదు. మధ్య భాగం ఫైలులోనే ఉంది. అడాసిటీలో కత్తిరించి, ఎక్స్‌పోర్ట్ చేసిన ధ్వనితో ఫైలును కొత్తగా తయారుచేసి పంపాలి.

3. మిత్రుడు విన్న మాటలను మీ నోటుపుస్తకంలో రాసుకోండి.