చిలుకూరు దారిలో కెమెరా కన్ను: చూసేది పోలీసులు, చిక్కుకునేది జనం

మొయినాబాద్: శుక్రవారం వచ్చిందంటే చాలు, హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల నుంచి చిలుకూరు బాలాజీ దర్శనానికి కార్లు బారులు తీరతాయి. ఆ బారుల నడుమ కూరగాయల ఆటోలు, పాల వ్యాన్లు, పల్లె బస్సులు ఇరుక్కుపోవడం ఈ ప్రాంతం వారికి కొత్త సంగతి కాదు. ఎక్కడ ఎంత రద్దీ ఉన్నదో కూడళ్ళలోని కెమెరాలు చూస్తూనే ఉంటాయి. ఆ చిత్రాలు పోలీసు కంట్రోలు గదిలోని పెద్ద తెరల మీద కనిపిస్తూనే ఉంటాయి. కనిపించనిది ఒక్కరికే: ఇంటి నుంచి బయలుదేరబోయే మనిషికి. బయలుదేరే ముందు దారిని ఒకసారి చూసుకునే వీలుంటే యాత్రికుడికీ మేలు, దారి పక్క ఊళ్ళకూ మేలు.

చిలుకూరు ఆలయం గండిపేట చెరువుగా మనం పిలుచుకునే ఉస్మాన్ సాగర్ దాపున ఉన్నది. ఇక్కడ హుండీ లేదు, దర్శనానికి టిక్కెట్టు లేదు, పెద్దలకు వేరే వరుస లేదు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన తరువాత 108 ప్రదక్షిణలు చేయడం ఆచారం. 1998లో సైబర్ టవర్స్ వెలసి, కంప్యూటరు ఉద్యోగాలు పెరిగి, విదేశాలకు వెళ్ళాలనుకునే యువతీ యువకులు ఎక్కువైన కొద్దీ ఈ స్వామికి వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడింది. గుడి పెరగలేదు, రోడ్డు పెద్దగా పెరగలేదు, వచ్చే జనం మాత్రం పెరిగారు.

ఆ శుక్రవారం ఏమైంది?

2024 ఏప్రిల్ 19వ తేదీ ఈ ప్రాంతం వారికి బాగా గుర్తుండి ఉంటుంది. బ్రహ్మోత్సవాల సందర్భంగా సంతానం లేని వారికి గరుడ ప్రసాదం ఇస్తారన్న వార్త సెల్‌ఫోన్ల ద్వారా ఊరూరా పాకింది. తెల్లవారక ముందే వేలాది వాహనాలు చిలుకూరు దారి పట్టాయి. కిలోమీటర్ల కొద్దీ రోడ్డు స్తంభించింది. గుడికి పోయేవారే కాక, ఆ దారిన ఆఫీసులకు, బడులకు పోయేవారు కూడా గంటల తరబడి నిలిచిపోయారు. ఎండలో నడిచి వచ్చిన ఆడవారు ఎందరో ప్రసాదం అందక వెనుదిరిగారు. ఆ ఉత్సవాల్లోనే జరగవలసిన వివాహప్రాప్తి కార్యక్రమాన్ని అర్చకులు రద్దు చేసి, ఇళ్ళ వద్దనే ప్రార్థన చేసుకోమని భక్తులను కోరవలసి వచ్చింది.

అంత జనం వస్తారని ముందుగా ఎవరూ ఊహించలేదనుకుందాం. కానీ తెల్లవారే సరికే దారి నిండిపోయింది. ఆ తరువాత రెండు మూడు గంటల పాటు కూడా కొత్త వాహనాలు వస్తూనే ఉన్నాయి. దారి నిండిందన్న కబురు ఆ వచ్చేవారికి ఇళ్ళలో ఉండగానే చేరి ఉంటే, సగం మందైనా ప్రయాణం మానుకొని ఉండేవారు.

రద్దీ ఎలా పెరుగుతుంది?

రద్దీ ఒక్కసారిగా ఊడిపడదు. దానికొక లెక్క ఉన్నది. మాట వరసకు గుడి వద్దకు గంటకు 1,000 కార్లు వస్తున్నాయనీ, 600 కార్లు మాత్రమే తిరిగి పోతున్నాయనీ అనుకుందాం. గంటలో 400 కార్లు మిగులుతాయి. నిలిపేందుకు చోటు నిండిన తరువాత అవి రోడ్డు మీదనే నిలవాలి. కారుకు, ముందు వెనుకల ఖాళీతో కలిపి, ఆరున్నర మీటర్లు వేసుకున్నా ఒక వరుసలో 2,600 మీటర్లు. అంటే గంట గడిచేసరికి రెండున్నర కిలోమీటర్లకు పైగా బారు. రెండో గంటకు అది ఐదు కిలోమీటర్లు దాటుతుంది.

పైగా 108 ప్రదక్షిణలు చేసేవారి కారు త్వరగా కదలదు. అది గంటల పని. కనుక చిలుకూరులో కారు నిలిపే చోటు నిండిందంటే, తొందరగా ఖాళీ కాదు. మరో సంగతి: 50 మంది ఒక ఆర్టీసీ బస్సులో వస్తే రోడ్డు మీద 12 మీటర్లు చాలు. అదే 50 మంది కారుకు నలుగురు చొప్పున వస్తే 13 కార్లు, 80 మీటర్లకు పైగా రోడ్డు కావాలి. మెహదీపట్నం నుంచి బస్సు ఎక్కేవారు తమకే కాక ఇతరులకు కూడా ఉపకారం చేస్తున్నట్లే.

నష్టం ఎవరికి?

అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ళ మీదుగా బీజాపూర్ పోయే ఈ రోడ్డే మన ఊళ్ళకు ఆధారం. మొయినాబాద్, చేవెళ్ళ మండలాల పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయేది ఈ దారినే. వేళకు చేరని బంతిపూలకు ధర ఉండదు. వాడిన ఆకుకూరను అడిగేవారుండరు. పురిటి నొప్పులతో నగరానికి తరలించే మనిషికి అరగంట ఆలస్యం ఎంతటిదో చెప్పనక్కరలేదు.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల రోడ్డు విస్తరణ, మర్రిచెట్ల వివాదం కారణంగా ఏళ్ళ తరబడి వెనుకబడింది. 2025 నవంబరు 3న చేవెళ్ళ సమీపంలోని మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి గుడి రద్దీ కారణం కాదు. అయితే ఇది ఎంత ఇరుకైన, ఎంత బరువు మోస్తున్న రోడ్డో ఆ రోజు రాష్ట్రమంతటికీ తెలిసింది. ఇటువంటి రోడ్డు మీదకు అవసరం లేని వేళ అవసరం లేని వాహనం రాకుండా చూడడం అందరి బాధ్యత.

కెమెరాలు ఉన్నాయి, కబురే లేదు

కెమెరాలకు కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం, ఒకేసారి వంద మంది లేదా అంతకు మించి గుమికూడే స్థలాల్లో కెమెరాలు పెట్టవలసి ఉన్నది. 'నేను సైతం' పేరిట దుకాణదారులు, కాలనీలవారు తమ డబ్బుతోనే కెమెరాలు పెట్టించారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ఇటువంటి వేల కెమెరాలను ఒకచోట చూసేందుకు కట్టినదే. సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఎక్కడైనా వాహనాలు నిలిచిపోతే సామాజిక మాధ్యమాలలో తెలుపుతున్నారు కూడా. అది మంచి పనే. కానీ కంప్యూటరు ఉద్యోగి చూసే ఆ కబురు, పూల గంప ఎత్తుకున్న రైతుకు చేరదు.

సింగపూర్‌లో ఈ పని మరో విధంగా చేస్తున్నారు. అక్కడి నుంచి మలేషియాకు పోయే వుడ్‌లాండ్స్ వంతెన వద్ద సెలవు రోజుల్లో విపరీతమైన రద్దీ. అక్కడి రవాణా శాఖ ఆ కెమెరాల చిత్రాలను ఎప్పటికప్పుడు ఎవరైనా చూసేటట్లు పెట్టింది. జనం ఇంట్లో టీ తాగుతూ వంతెనను చూసి, ఇప్పుడు పోవాలా, సాయంత్రం పోవాలా అని నిర్ణయించుకుంటారు. లండన్‌లో కూడా రోడ్డు కెమెరాల చిత్రాలు ప్రజలకు అందుబాటులో ఉన్నాయి. దూరం నుంచి తీసిన చిత్రమే కనుక మనిషి ముఖం, బండి నంబరు పోల్చుకోవలసిన అవసరం లేదు. రోడ్డు ఖాళీగా ఉన్నదా, నిండిందా అని తెలిస్తే చాలు.

తిరుమల నేర్పే పాఠం

కెమెరా లేకుండానే ఈ పని చాలాకాలంగా చేస్తున్నది తిరుమల. సర్వదర్శనానికి ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయి, ఎన్ని గంటలు పడుతుంది అన్న రెండు ముక్కలు ప్రతిరోజూ పత్రికలో చదివి, ప్రయాణం వాయిదా వేసుకున్న కుటుంబాలు మన జిల్లాలో లేకపోలేదు. 2025 సెప్టెంబరులో తిరుమలలో ప్రారంభించిన కొత్త కంట్రోల్ సెంటర్‌లో కెమెరాల ద్వారా జనాన్ని లెక్కకట్టే ఏర్పాటు చేశారు.

అయితే కెమెరా ఉన్నంత మాత్రాన ఆపద తొలగిపోదు. అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు మరణించారు. అదే నెల 29న ప్రయాగ కుంభమేళాలో వేల కెమెరాలు కాపలా కాస్తుండగానే తొక్కిసలాట జరిగింది. మక్కా యాత్రలో 2006 జనవరిలో వందలాది మంది చనిపోయిన తరువాత, అక్కడ పాత వంతెన తీసి అంతస్తులుగా కొత్తది కట్టారు, యాత్రికుల బృందాలకు వేళలు నిర్ణయించారు, కెమెరాలతో జనాన్ని లెక్కించడం మొదలుపెట్టారు. అంటే చూడడం, లెక్కించడం, ఆపడం మూడూ కలిస్తేనే ఫలితం. చూసినవాడు చెప్పాలి, విన్నవాడు ఆగాలి.

మన చేతిలో ఉన్నది

దారి చిత్రాలు అందరికీ అందే వరకు చేతిలోని సెల్‌ఫోనే మనకు కన్ను. గూగుల్ మ్యాపులో రోడ్డు ఆకుపచ్చగా ఉంటే సాఫీ, నారింజ రంగైతే నిదానం, ఎరుపైతే రద్దీ, ముదురు ఎరుపైతే కదలడమే కష్టం. ఈ రంగులు కెమెరాలు ఇచ్చేవి కావు. ఆ దారిన పోయేవారి సెల్‌ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చూసి వేసేవి. అందువల్ల అది రోడ్డు సంగతి చెబుతుందే కాని, గుడి వద్ద కారు నిలిపే చోటున్నదా, ప్రదక్షిణ బాటలో ఎంత జనమున్నారు అన్నది చెప్పలేదు. అదే మ్యాపులో బయలుదేరే రోజు, వేళ ఎంచుకుంటే మామూలుగా ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. గుడి పేరు నొక్కితే ఏ వేళ జనం ఎక్కువో చూపే పట్టీ కూడా వస్తుంది.

యాత్రికులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఒకసారి చూసి బయలుదేరకూడదు. పావుగంట ఎడంగా రెండుసార్లు చూడాలి. ఎరుపు పొడవు పెరుగుతున్నదా, తరుగుతున్నదా అన్నదే ముఖ్యం. గచ్చిబౌలిలో చూసిన చిత్రం చిలుకూరు చేరేసరికి పాతబడిపోతుంది. అప్పా జంక్షన్, హిమాయత్‌నగర్ చౌరస్తా, గుడి దగ్గరి మలుపు, ఈ మూడు చోట్లు విడివిడిగా చూడాలి. చివరి మలుపు ఎరుపుగా ఉంటే, మిగిలిన దారి ఎంత పచ్చగా ఉన్నా లాభం లేదు. మ్యాపు చూపిందని ఊరి సందుల్లోకి కారు తిప్పడం వల్ల ఎదురుగా ట్రాక్టరు వస్తే రెండూ నిలిచిపోతాయి. వీలైనవారు సోమవారం నుంచి గురువారం లోపల ఉదయమే రావడం ఉత్తమం.

ఏం చేయాలి?

అధికారులు తలచుకుంటే ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఉన్న కెమెరాల చిత్రాల్లో మూడు నాలుగింటిని శుక్ర, శని, ఆదివారాల్లోను, ఉత్సవాల రోజుల్లోను అందరికీ కనిపించేటట్లు పెట్టవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీది వెలుగు బోర్డుల్లో, చిలుకూరులో వాహనాలు నిలిపే చోటు నిండిందని ఒక వాక్యం వేయవచ్చు. ఔటర్ దిగక ముందే తెలిస్తే కారు వెనక్కు తిరుగుతుంది, దిగిన తరువాత తెలిస్తే తిరిగే చోటుండదు. అదే కబురును దారి పొడుగునా ఉన్న గ్రామ పంచాయతీలకు వాట్సాప్‌లో పంపితే, రైతు గంట ముందుగా బండి కట్టుకుంటాడు. ఆంబులెన్సు డ్రైవరు మరో దారి చూసుకుంటాడు.

పోలీసులు, ఆలయ పెద్దలు, పంచాయతీలు కలిసి కూర్చుని వచ్చే బ్రహ్మోత్సవాల లోపల ఈ ఏర్పాటు చేయడం అవసరం. 2024 ఏప్రిల్ నాటి అవస్థ మరోసారి రాకుండా ఉండాలంటే, తెర మీద కనిపించేది ఊరికి వినిపించాలి.