పంజర పరిశుభ్రత

శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి గ్రామాలకు ఏటా వలస పక్షులు వస్తాయి. మొదటి ఊరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. రెండవ ఊరికి నత్తగుల్ల కొంగలు. గ్రామస్థులు వాటిని అతిథులుగా ఆదరిస్తారు. అవి విడిసిన చెట్ల కింద రెట్ట తెల్లగా పేరుకుంటుంది. కాని ఆ రెట్ట నడుమ పక్షి బ్రతుకదు. కొమ్మ మార్చుకుంటుంది, ఎండకు రెక్కలు ఆరబెట్టుకుంటుంది, ఋతువు మారగానే ఎగిరిపోతుంది. పంజరంలోని పక్షికి ఆ వీలు లేదు. తన రెట్టకు జానెడు దూరంలోనే అది తినాలి, త్రాగాలి, నిద్రించాలి. దాని స్వేచ్ఛను మనం తీసుకున్నాము కనుక, ఆ స్వేచ్ఛ చేసిపెట్టే పనిని మనమే చేయవలసి ఉన్నది.

ప్రవక్త ముహమ్మద్ (స) అబూ ఉమైర్ అనే బాలుని, అతని చిన్న పక్షి చనిపోయినప్పుడు, ఆప్యాయంగా పలకరించిన ఉదంతం హదీసులలో ప్రసిద్ధం. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైన ఉదంతమూ అంతే ప్రసిద్ధం. పెంచుకొనుటకు అనుమతి మొదటిదానిలో ఉన్నదనుకుంటే, దానికి షరతు రెండవదానిలో ఉన్నది. మన రామచిలుకను పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన ఇళ్లలో ‘లవ్ బర్డ్స్’ అని పెంచుకునే చిన్న చిలుకలు చాలావరకు ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగార్లు. ఈ వ్యాసం అటువంటి పక్షులను గురించినది.

ఒక వర్షాకాలంలో మేము చేసిన పొరపాటును ముందుగా చెప్పుకోవాలి. పంజరం వాసన వేస్తున్నదని, తలుపులు మూసిన గదిలో దాని కింద నేలపై ఫినాయిల్ చల్లాము. తెల్లవారేసరికి రెండు పక్షులూ పంజరం అడుగున నోరు తెరచి రొప్పుతున్నాయి. ఒకటి దక్కలేదు. శుభ్రం చేశామనుకున్నాము, నిజానికి మురికిని అలాగే ఉంచి, గాలిని చెరిపాము.

పక్షి శ్వాసక్రియ మన శ్వాసక్రియ వంటిది కాదు. దాని ఊపిరితిత్తులకు తోడు సాధారణంగా తొమ్మిది గాలితిత్తులు ఉంటాయి. ఊపిరితిత్తులలో గాలి ఒకే దిశగా ప్రవహిస్తుంది. ప్రాణవాయువుతో పాటు విషవాయువు కూడా త్వరగా రక్తంలో చేరుతుంది. ఈ కారణం చేతనే బ్రిటిష్ బొగ్గుగనులలో విషవాయువును పసిగట్టుటకు 1986 వరకు కేనరీ పక్షులను వాడారు. కనుక ఫినాయిల్, కలరా ఉండలు, ఘాటైన సుగంధద్రవ్యాలు పంజరం దరిదాపులకు రాకూడదు.

రెట్ట వలన మనకూ ప్రమాదం ఉన్నది. చిలుక జాతి పక్షులలో ఉండే క్లామిడియా సిట్టాసి అనే సూక్ష్మజీవి, ఎండిన రెట్ట ధూళితో పాటు మన ఊపిరితిత్తులలో ప్రవేశించి జ్వరం, పొడిదగ్గు, న్యుమోనియా కలిగించగలదు. 1929–30లో ఈ వ్యాధి దక్షిణ అమెరికా చిలుకల ద్వారా అనేక దేశాలకు వ్యాపించింది. ఇక మన సముద్రతీరపు తేమలో తడిసిన గింజలపై పెరిగే ఆస్పర్జిల్లస్ బూజు పక్షి ఊపిరికే శత్రువు.

ఇప్పుడు పద్ధతిని చూద్దాం. మొదట పక్షిని వేరొక గదిలోనికి మార్చాలి. పంజరాన్ని ఆరుబయటకు తెచ్చి, ముక్కుకు, నోటికి మాస్కు, చేతులకు తొడుగులు ధరించాలి. ఎండు రెట్టను చీపురుతో ఊడ్వరాదు. నీళ్లు చిలకరించి, తడిసిన తరువాత కాగితంతో సహా మడిచి పారవేయాలి. పిమ్మట సబ్బు కలిపిన వేడినీటితో, కుంచెతో, మూలలను, గిన్నెలను, కూర్చునే కర్రలను తోమాలి. మురికి మిగిలి ఉంటే క్లోరిన్ శక్తి దానిపైనే వ్యయమైపోతుంది, క్రిములు బ్రతికిపోతాయి. అందుచేత కడగడం ముందు, క్రిమిసంహారం తరువాత.

క్రిమిసంహారానికి తాజా బ్లీచింగ్ పౌడరు 5 గ్రాములను ఒక లీటరు చన్నీటిలో కలిపి, అడుగు తేరిన తరువాత పైనున్న తేటనీటిని మాత్రమే వాడాలి. వేడినీరు పనికిరాదు. పొట్లం విప్పి చాలాకాలం ఉంచిన పౌడరు శక్తి కోల్పోతుంది. పంజరాన్ని 10 నిమిషాలు ఆ నీటితో తడిగా ఉంచి, వాసన పూర్తిగా పోయేవరకు మంచినీటితో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. ముసురు దినాలలో పొడిగుడ్డతో తుడిచి, గాలి ఆడే వరండాలో ఉంచాలి. తడి ఆరనిదే పక్షిని తిరిగి చేర్చరాదు. పీల్చుకునే గుణం గల పాత కర్రల బదులు, మందు చల్లని జామ కొమ్మలను కడిగి అమర్చవచ్చు. తుప్పు పట్టి, జింకు పూత పెచ్చులూడుతున్న పంజరాన్ని విడిచిపెట్టాలి. ఆ పెచ్చులు మ్రింగితే పక్షికి విషం.

ఒక హెచ్చరిక. స్నానాల గదిలో వాడే ఆసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎన్నడూ కలుపరాదు. 1915లో ఈప్ర యుద్ధభూమిలో సైనికులను చంపిన క్లోరిన్ వాయువే దాని నుండి వెలువడుతుంది. అది పక్షికే కాదు, కడిగేవారికీ ప్రాణాపాయం.

గిన్నెలను, అడుగు కాగితాన్ని ప్రతిదినం మార్చాలి. వారానికొకసారి పంజరాన్ని కడగాలి. నెలకొకసారి, లేదా పక్షి జబ్బుపడినప్పుడు, క్రిమిసంహారం చేయాలి. ఇంటిలో ఎవరికైనా జ్వరం, దగ్గు తగ్గకపోతే, పక్షిని పెంచుతున్నామని వైద్యునికి తప్పక చెప్పాలి. ఆయన అడగకపోయినా సరే, ఆ ఒక్క మాట చికిత్సకు దారి చూపవచ్చు.